అడ్డం పెట్టినవాడి జవాబు

దారికి అడ్డం పెట్టడం తప్పా, ఒప్పా అని అడిగితే చాలామంది తప్పేనంటారు. రైలుగేటు సంగతి ఎత్తగానే నాలిక కరుచుకుంటారు. పోనీ ఒప్పేనందామంటే ముళ్ళకంప గుర్తుకొస్తుంది. మా ప్రకాశం పడమటి పల్లెల్లో దారికి కంప కొట్టడమంటే ఏమిటో తెలియని రైతు లేడు. ఆ కంప అవతల ఎవరి చేను వుంది, ఎవరి వాడ వుంది అన్నదాన్నిబట్టి అదే కంప కంచె అవుతుంది, వెలి కూడా అవుతుంది. కాబట్టి ప్రశ్నను ఆ రూపంలో వేయడంలోనే ఏదో లోపం వుంది. ఆ లోపమేమిటో నాకు పుస్తకాల్లో కాక ఒక సందు మొగలో తెలిసింది.

కొన్నాళ్ళ క్రితం ఒక పట్నంలో జరిగింది. పట్నం పేరూ, ఆనాడు వచ్చిన నాయకుడి పేరూ అనవసరం. ఎవరు వచ్చినా, ఏ పట్నంలోనైనా జరిగేది అదే. తెల్లవారేసరికి పెద్దవీధికి రెండు పక్కలా ఇనుప బారికేడ్లు నిలబెట్టారు. సందుల మొగల్లో వెదురు బొంగులు అడ్డం కట్టారు. పదకొండు గంటలకు రావలసిన నాయకుడు ఒంటిగంట దాటినా రాలేదు. నా పక్కన ఒక ముసలావిడ దోసకాయల గంప నేలమీద దించుకుని నిలబడి వుంది. సంత వీధికి అవతల, కనిపించేంత దూరంలోనే వుంది. బారికేడు దగ్గర కానిస్టేబులుకు పాతికేళ్ళు మించవు.

"యాడికి పోవాలవ్వా?" అన్నాడు.

"ఆడికే నాయనా. ఆ కనపడేది సంత గాదూ? ఎందుకాపినావో చెప్పు, ఆగతా."

"పైనుంచి ఆర్డరు."

"పైన ఎవురుండారో ఆయన్నే అడిగిరా పో. నేనీడే కూచుంటా."

నలుగురూ నవ్వారు. అతనూ నవ్వబోయి, అటూ ఇటూ చూసి మానుకున్నాడు. తరువాత నన్ను గుర్తుపట్టాడు. "నమస్తే సార్. తొమ్మిదో తరగతిలో మీరు నాకు సాంఘికం చెప్పినారు" అన్నాడు. నాకు అతనికంటే ముందు అతని తండ్రి గుర్తుకొచ్చాడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు, ఎప్పుడు చూసినా కనుబొమల మీద తెల్లటి దుమ్ముతో వుండేవాడు. "నన్ను తిట్టుకోవాకండి సార్. పొద్దున నాలుగ్గంటల నుంచి ఈణ్ణే నిలబడుండా. నీళ్ళు తాగను గూడా పోనియ్యలేదు" అన్నాడు ఆ కుర్రవాడు.

ఇక్కడ మన మిత్రులు తేలిగ్గా చెప్పే మాట ఒకటి వుంది: కానిస్టేబులూ శ్రామికుడి కొడుకే, అతన్ని తన వర్గం మీదికే కాపలా పెట్టారు, వ్యవస్థ స్వభావమే అంత అని. ఆ మాట నిజమే. కాని ఆ మాట ముసలావిడ ప్రశ్నకు జవాబు కాదు. ఆమె తనను పోనిచ్చి తీరాలని అనలేదు. ఎందుకాపావో చెబితే ఆగుతానన్నది. రాజ్యాంగం 19వ అధికరణాన్ని నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. నిరాయుధులై శాంతియుతంగా సమావేశమయే హక్కు, దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు అందులో వున్నాయి. వాటిమీద సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చునని కూడా అందులోనే వున్నది. సమంజసమో కాదో తేలాలంటే ముందు కారణమంటూ ఒకటి ఎవరో ఒకరు చెప్పాలి గదా. "పైనుంచి ఆర్డరు" అన్నది కారణం కాదు. కారణం తన దగ్గర లేదని ఒప్పుకోవడం.

దీనికి పక్కన మరో రకం అడ్డాన్ని పెట్టి చూస్తే విషయం కొంత తేటపడుతుంది. ఇప్పుడు నగరాల్లో కాలిబాటల అంచునా, బజార్ల మొగల్లోనూ పొట్టి గుంజలు పాతుతున్నారు, ఇనుపవీ, రాతివీ, కాంక్రీటువీ. ఇంగ్లీషువాళ్ళు వాటిని బొలార్డులంటారు. రేవుల్లో ఓడల తాళ్ళు కట్టే గుంజలకూ ఇదే పేరు. పనికిరాని పాత ఫిరంగుల్ని తెచ్చి వీధుల్లో నిలువునా పాతి ఇందుకు వాడిన రోజులు కూడా వున్నాయి. ఫిరంగులు చేసిన పనులన్నిటిలోకీ మంచిపని అదేనేమో. మనకూ ఇది కొత్తది కాదు. ఎడ్లబండ్ల కాలంలో ఇరుకు వీధి మలుపుల్లో, బండిచక్రం గోడను రాసుకుపోకుండా, ఇంటిమూలన ఒక రాయి పాతేవారు. మార్కాపురం పాతవీధుల్లో అలాటివి నా చిన్నతనంలో చూశాను. బండి తప్పుకుపోయేది, మేము వాటిమీద కూర్చునేవాళ్ళం.

ఈ గుంజ ఎందుకు పెరిగిందో కూడా చెప్పుకోవాలి. 2016 జూలై 14 రాత్రి ఫ్రాన్సులోని నీస్ నగరంలో, సముద్రపుటొడ్డు వీధిలో జాతీయ పండుగ చూస్తున్న జనంమీదికి ఒకడు లారీ తోలి 86 మందిని చంపాడు. ఆ తరువాత యూరప్ నగరాల్లో గుంజలు బాగా పెరిగాయి. 2025 జనవరి 1 తెల్లవారుజామున అమెరికాలో, న్యూ ఆర్లీన్స్ నగరం బర్బన్ వీధిలో, అలాటి దాడిలోనే 14 మంది చనిపోయారు. అక్కడ పాత గుంజలు చెడిపోతే తీసేసి కొత్తవి వేసే పని అప్పుడే జరుగుతున్నది. వీధిలో కనిపించే ప్రతి ఇనుపముక్కా రాజ్యహింసేనని వాదించే మిత్రుడొకాయన మాలోనే వున్నాడు. ఆయన ఆ వీధుల్లో నిలబడి ఆ మాట అనగలడని నేననుకోను.

ఈ గుంజ బండిని ఆపి మనిషిని పోనిస్తుంది. మనిషిలో పేదా గొప్పా చూడదు, పేరడగదు, కులమడగదు, కార్డు చూపించమనదు. మా సందు మొగలోని బారికేడు మనిషిని ఆపి బండ్లను పోనిస్తుంది. మంత్రుల కార్లమీది ఎర్రబుగ్గలు 2017 మే నుంచి పోయాయి గాని వెనక వచ్చే కార్ల వరస ఏమీ తగ్గలేదు. రెండూ ఇనుమే, రెంటి పేరూ భద్రతే.

అయితే పేరడగని గుంజ కూడా పక్షపాతం లేనిదని నమ్మి కూర్చుంటే మోసపోతాము. రెండు గుంజల మధ్య ఎంత సందు వదలాలో నిర్ణయించినవాడు మనిషే. మూడు చక్రాల బండి మీద వచ్చే వికలాంగుడికి ఆ సందు చాలకపోతే, ఆ గుంజ అతన్ని పేరుపెట్టి పిలిచి ఆపినట్టే. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చిన తరువాత కూడా ఆ లెక్క చూడకుండా పాతినవి ఎన్నో వున్నాయి. అలాగే ట్రాఫిక్కు కోసమని పాతిన గుంజలు నిజానికి తోపుడుబండ్లను వెళ్ళగొట్టడానికి పాతినవని బజారుకంతటికీ తెలిసి వుంటుంది, కాగితం మీద మాత్రం వుండదు. చెప్పిన కారణమొకటీ, అసలు కారణమొకటీ అయినప్పుడు, కారణం చెప్పకపోవడానికీ అబద్ధం చెప్పడానికీ ఎంత తేడా వుందో అరటిపళ్ళమ్మేవాడిని అడగాలి.

మరి ఏ అడ్డం న్యాయమైనది? దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ గిద్దలూరులో వుంది. అక్కడ రాచర్ల గేటంటే ఒక కూడలికే పేరు. గుంటూరు గుంతకల్లు లైను మీద రైలు వస్తుందంటే గేటు పడుతుంది. ఎడ్లబండి వెనక జీపు, జీపు వెనక బస్సు, బస్సు వెనక కట్టెలమోపుతో మనిషి. జీపులో ఎంత పెద్ద అధికారి వున్నా దిగి, చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చెయ్యవలసిందే. అందరికీ విసుగే, అవమానమనేది ఒక్కరికీ వుండదు. ఎందుకంటే ఆపిన కారణం కూత వేసుకుంటూ అందరి కళ్ళముందే పోతుంది. కారణం పోయాక గేటు వుండదు. గేటు వేసినవాడు తానే ఇవతల ఎడ్లబండి మీద వుంటే అప్పుడూ వెయ్యమనే అంటాడు.

ఈ చివరి మాట ముఖ్యం. కారణమంటూ ఏదో ఒకటి చెబితే సరిపోతుందనుకుంటే చరిత్రలో కారణం చెప్పని అడ్డమే లేదు. తిరువాన్కూరు సంస్థానంలో వైకోం అనే వూళ్ళో గుడి చుట్టూ వున్న వీధుల్లో ఈళవులూ, పులయలూ మొదలైనవారు నడవకూడదని పలకలు పెట్టారు. అవి సర్కారు ఖర్చుతో వేసిన వీధులు. ఇతర మతాలవారు నడవవచ్చు. 1924 మార్చి 30న సత్యాగ్రహం మొదలైంది. పోలీసులు వీధులకు అడ్డాలు కట్టారు. సత్యాగ్రహులు రోజూ వచ్చి ఆ అడ్డాల ముందు నిలబడ్డారు. ఆ ఏడు వచ్చిన వరదలో కూడా నిలబడ్డారు. కాపలావాళ్ళు పడవల్లో, వీళ్ళు నీళ్ళలో. 1925 మార్చిలో గాంధీ వెళ్ళి అక్కడి నంబూద్రి పెద్దలతో వాదించాడు. ఇండంతురుత్తి ఇంటి నంబూద్రి ఆయన్ను ఇంట్లోకి రానివ్వకుండా బయటి పందిట్లోనే కూర్చోబెట్టి, కారణం చెప్పాడు: వాళ్ళు పూర్వజన్మ కర్మచేత అలా పుట్టారు, అందుచేత ఆ దారిన నడవరాదు. కారణమైతే చెప్పాడు, కాని తానే పులయగా పుట్టి ఇవతల నిలబడితే దాన్ని ఒప్పుకుంటాడా? 1925 నవంబరులో సత్యాగ్రహం ముగిసేనాటికి మూడు వైపుల వీధులు తెరిచారు, తూర్పు వీధి తెరవలేదు. ఆ ఇండంతురుత్తి ఇల్లు తరువాతి కాలంలో కల్లుగీత కార్మికుల యూనియన్ ఆఫీసయింది. దారిన పోనివ్వని వాళ్ళ మనవలు ఇప్పుడా ఇంట్లో మీటింగులు పెట్టుకుంటున్నారని తలుచుకుంటే నాకు సంతోషంగా వుంటుంది, దాచుకోవడమెందుకు.

భద్రత విషయంలో ఇదంతా నడవదని ఒక వాదన వున్నది. కారణాలు బయటపెడితే భద్రతే పోతుందంటారు. ఇది పూర్తిగా కొట్టివేయదగ్గ వాదన కాదు. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కారు కింద మందుపాతరలు పేలాయి. నల్లమల అంచున బతికిన మాకు ఈ భయం కల్పితమని చెప్పే హక్కు లేదు. కాని రహస్యంగా వుంచవలసింది కారు ఏ దారిన ఏ నిమిషాన వస్తుందన్నది. వీధి ఎన్ని గంటలకు తెరుస్తారు, దోసకాయల గంపతో చుట్టుతిరిగి పోయే దారి ఏది, ఇంకా ఆలస్యమైతే ఎవరిని అడగాలి, ఇవి రహస్యాలెట్లా అవుతాయి? మూడు గంటలసేపు ఆ కుర్రవాడికి ఇందులో ఒక్కటీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వుందని పైవాళ్ళకు తోచలేదు.

కందుకూరు ఇంతకంటే చిక్కైనది. 2022 దాకా కందుకూరు మా జిల్లాలోదే. 2022 ఏప్రిల్లో నెల్లూరులో చేరింది. ఆ ఏడు డిసెంబరు 28 రాత్రి అక్కడ ఒక రోడ్డు మీటింగులో తొక్కిసలాట జరిగి ఎనిమిదిమంది చనిపోయారు. నాలుగు రోజులకు, కొత్త సంవత్సరం నాడు, గుంటూరులో కానుకలు పంచేచోట మరొక తొక్కిసలాటలో ముగ్గురు స్త్రీలు చనిపోయారు. మర్నాడే, 2023 జనవరి 2న, ప్రభుత్వం 1861 నాటి పోలీసు చట్టాన్ని ఆధారం చేసుకుని రోడ్ల మీద సభలను అడ్డుకునే ఉత్తర్వు ఇచ్చింది. 1857 తిరుగుబాటు చూసిన తెల్లదొరలు మళ్ళీ అలాటిది రాకుండా చేసుకున్న చట్టమది. రాష్ట్ర హైకోర్టు ఆ ఉత్తర్వును 2023 మే 12న కొట్టివేసింది.

ఇక్కడ కారణం అబద్ధం కాదు. పదకొండు శవాలు. వాటిని పక్కన పెట్టి ఇదంతా ప్రతిపక్షం గొంతు నొక్కడమేనని మాట్లాడితే చనిపోయినవాళ్ళను మనమూ ఒకసారి తొక్కినట్టే. ఇరుకు వీధిలో జనాన్ని కూర్చేవాళ్ళను ఆపే అధికారం ఎవరికో ఒకరికి వుండాలి. కాని ఆ కారణం అడిగిందేమిటి? జనం ఒకరి మీద ఒకరు పడకుండా దారులు విడదీయమన్నది, పక్కనున్న కాలవకు కట్టడి పెట్టమన్నది, ఎంతమంది పడతారో ముందే లెక్క చూడమన్నది. అంటే మనిషిని కాచే గుంజలు కావాలని అడిగింది. దానికి బదులు మనిషిని ఆపే బారికేడు వచ్చింది. నిజమైన కారణాన్ని చూపించి దానికి మించిన అడ్డం కట్టడం, కారణం లేకుండా అడ్డం కట్టడంకంటే కూడా ప్రమాదమని నా అభిప్రాయం; ఎదిరించబోయినవాడు ముందు శవాలకు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

బారికేడు అన్న మాట మొదట పోలీసులది కాదని విద్యార్థులకు చెప్పవలసి వుంది. ఫ్రెంచిలో బారిక్ అంటే పీపా. పారిస్ జనం పీపాలూ, బండ్లూ, వీధిలో పెకలించిన రాళ్ళూ అడ్డం పేర్చి సైన్యాన్ని నిలవేసేవారు. 1848లో పేర్చారు, 1871 కమ్యూన్లో పేర్చారు. ఎంగెల్స్ 1895లో, మార్క్సు రాసిన ‘ఫ్రాన్సులో వర్గ పోరాటాలు’ పుస్తకానికి పీఠిక రాస్తూ, ఆ పాత రకం వీధిపోరాటానికి చాలామటుకు కాలం చెల్లిందని అన్నాడు. అందులోనే ఇంకో మాట వుంది. దాన్ని మనవాళ్ళు అంతగా పట్టించుకోరు. బారికేడుకు మంచిరోజులున్నప్పుడు కూడా దాని బలం రాళ్ళలో కంటే నీతిలోనే ఎక్కువ వుండేదని, ఎదురుగా నిలబడ్డ సైనికుడి మనసు కదిలించడమే దాని పని అని ఆయన భావం. అనగా అవతలివాడితో మాట్లాడే అడ్డమన్నమాట. ఆ వస్తువు ఇప్పుడు చేతులు మారింది. చేతులు మారడంతో మాట్లాడటం మానేసింది.

మనం మాత్రం మానలేదా? రాస్తారోకో చేసేవాళ్ళం మనం. రోడ్డుకు అడ్డం కూర్చున్నవాడు సందు మొగలోని బొంగును తిట్టే ముందు తన సంగతి చెప్పుకోవడం మర్యాద.

2003 వేసవి. కంభం దగ్గర అనంతపురం గుంటూరు రోడ్డు. ఆ కరువులో మా పల్లెల్లో బోర్లు ఎండాయి. వున్న నీళ్ళలో ఫ్లోరైడు. పిలుపు ఇచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాని రోడ్డు ఆపింది మా జెండాలు కావు. ఆడవాళ్ళు ఇళ్ళనుంచి ఖాళీ బిందెలు తెచ్చి, ప్లాస్టిక్కువీ స్టీలువీ, రోడ్డుకడ్డంగా ఈ అంచునుంచి ఆ అంచుకు వరసగా పెట్టారు. చూడటానికి అచ్చం నగరాల్లో గుంజల వరసే. కాలితో తన్నితే దొర్లిపోతాయి. నీస్‌లో వచ్చిన లారీ వాటిమీదుగా పోయేది. మా రోడ్డుమీది లారీలు మాత్రం ఆగాయి. మొదటి లారీ డ్రైవరు దిగివచ్చి, "ఏందమ్మా ఇది?" అన్నాడు. "పది దినాలాయె నీళ్ళబండి రాక" అని ఒకావిడ చెప్పింది. అతను బిందెలవంక కాసేపు చూసి, వెనక్కిపోయి, ఇంజను ఆపి, లారీ నీడన కూర్చున్నాడు. బిందె వెనక బిందె మనిషి వుంది; అడిగితే జవాబు వుంది.

గంట దాటాక ఒక ఆటో వచ్చింది. అందులో ఏడెనిమిదిమంది కూలివాళ్ళు. కోతకు పోవాలి, ఇప్పటికే ఆలస్యమైంది, ఇంకా ఆలస్యమైతే ఆ రోజు కూలి పోతుంది. వాళ్ళలో పెద్దవాడు నన్ను పట్టుకున్నాడు. "మమ్మల్నెందుకాపినారు సారూ? మా కూలి మీరిస్తారా?" నేను చాలాసేపు మాట్లాడాను. ఉద్యమమన్నాక కొంత కష్టం తప్పదన్నాను. ఇది సంఘం నిర్ణయమని, నేను ఒక్కణ్ణి మార్చలేనని కూడా అన్నాను. ఆ మాట ఎక్కడ మళ్ళీ విన్నానో నాకు చాలా ఏళ్ళకు, ఆ సందు మొగలో నిలబడ్డప్పుడు గాని తెలియలేదు.

బిందెల వెనకనుంచి ఒకావిడ లేచివచ్చి తన బిందె తీసి చంకన పెట్టుకుంది. ఆటో పట్టేంత సందు కావడానికి పక్కావిడ బిందెను కూడా కాలితో జరిపింది. క్రమశిక్షణ పోతుంది, ఒకరిని వదిలితే అందరూ అడుగుతారు అని నేను అడ్డుపడ్డాను.

"అడగనీ సారూ, చెప్తాం. నీళ్ళాపింది వీళ్ళా?" అన్నది.

ఆటో పోయింది. ఆమె బిందెను మళ్ళీ ఆ చోటనే పెట్టి, దాని వెనక కూర్చుంది. సాయంత్రం అధికారి వచ్చేదాకా లేవలేదు.